గచ్చు నుంచి ఎపాక్సీ దాకా: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో నేల చరిత్ర

హైదరాబాదు నుంచి ముంబై వైపు సాగే జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం మొదలుకొని పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదు వరకు విస్తరించిన ప్రాంతంలో, గత నూటయాభై ఏళ్లలో ఇళ్ల నేలలు, కొట్టాల నేలలు, కార్ఖానాల నేలలు ప్రధానంగా నాలుగు దశలు దాటాయి. అలికిన మట్టి, గానుగ సున్నంతో వేసిన గచ్చు మొదటి దశ కాగా, రైలుమార్గంతో అందుబాటులోకి వచ్చిన నాపబండ రెండవది, సిమెంటు గచ్చు మూడవది, రసాయన పరిశ్రమతో ప్రవేశించిన రెసిన్ పూత నాలుగవది. పాత నేల ఏ ఒత్తిడికి తట్టుకోలేకపోయిందో, కొత్త నేల ఆ ఒత్తిడికి సమాధానంగా వచ్చిందే తప్ప కేవలం అందం కోసం వచ్చింది కాదు. ఇంట్లో కారు నిలిపే చోట చాలాకాలం మన్నే పూత ఏదన్న ప్రశ్న ఇటీవలిదిగా కనిపించినా, దానికి కావలసిన సమాధానంలో ఎక్కువ భాగం ఈ ప్రాంతపు కార్ఖానాలు, మేస్త్రీలు, ఇక్కడి మట్టి ఇదివరకే తేల్చి ఉంచినవే.

వ్యవసాయ గృహాల్లో మొరం పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన మట్టినేలపై పేడ అలకడం సర్వసాధారణమైన పద్ధతి. ఎడ్లబండి నిలిపే కొట్టానికి అంతకు మించిన ఏర్పాటు ఉండేది కాదు. బండి చక్రపు ఇనుప పట్టా నేలను చాలుగా కోసినప్పుడు మళ్లీ మొరం పోసి సరిచేయడమే మరమ్మతు. గడీలు, మసీదులు, గుళ్లు, సంపన్నుల లోగిళ్లలో మాత్రం గచ్చు వేసేవారు. కాల్చిన సున్నాన్ని చల్లార్చి, ఇసుకతో కలిపి, గుండ్రని రాతి కాలువలో ఎద్దులు తిప్పే బరువైన రాతిచక్రం కింద మెత్తగా నూరితే వచ్చే ముద్దనే గానుగ సున్నం అంటారు. దానికి కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు చేర్చి, ఇటుక ముక్కల పరుపు మీద పోసి, కర్ర కోలలతో రోజుల తరబడి కొట్టి, చివరకు నున్నని గులకరాయితో మెరుగు పెట్టేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారుతుంది కాబట్టి గచ్చు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, కింది నేల కాస్త కదిలినా సిమెంటు అంత త్వరగా చిట్లదు. అయితే కేంద్రీకృతమైన బరువుకు, రాపిడికి అది మెత్తనిది. నూరడానికీ కొట్టడానికీ కావలసిన శ్రమ వల్ల సామాన్యుడికి అందనిది.

రెండవ దశకు దారి తీసినది రైలు. సికింద్రాబాదు నుంచి వాడి వరకు నిజాం రాజ్యపు తొలి రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. ఆ మార్గం తాండూరు మీదుగా పోతుంది. వాడి దాటితే షాబాద్ వస్తుంది. తాండూరు, షాబాద్‌ల చుట్టూ భీమా నదీ పరీవాహక ప్రాంతంలో ఉన్న సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడినది కావడంతో, ఉలి, సమ్మెట, మేకులతోనే సమతలమైన పలకలుగా చీలుతుంది. నీలి, బూడిద, పసుపు ఛాయల్లో దొరికే నాపబండ అనే ఆ పలకలే తెలంగాణ అంతటా షాబాద్ బండలుగా, తాండూరు బండలుగా వాడుకలోకి వచ్చాయి. బండను సున్నపు అడుసు మీద పరిచి, సందులు పూడిస్తే మేస్త్రీ అదే రోజు పని ముగించగలడు. నెలల తరబడి ఆరబెట్టే అవసరం లేదు. మోటారు వాహనాలు వచ్చిన తరవాత షెడ్లలోనూ బండలే పరిచారు. ఇక్కడే ఆ రాయి బలహీనత కూడా బయటపడింది. అడుగున అడుసు సరిగా నిండక ఖాళీ మిగిలిన చోట బండను తడితే డొల్ల మోత వస్తుంది. అలాంటి చోట కారు చక్రం ఎక్కినా, మోటారుసైకిలు పక్క స్టాండు మోపినా బండ మూల నుంచి పగులుతుంది. భారాన్ని మోసేది బండ కింది పరుపేనన్న ఈ తొలి పాఠం తరువాతి దశలన్నిటికీ వర్తించింది.

సిమెంటు కూడా దాదాపు అదే సున్నపురాయి నుంచి పుట్టింది. షాబాద్‌లోని సిమెంటు కర్మాగారం 1936లో పలు కంపెనీల విలీనంతో ఏర్పడిన ఏసీసీలో భాగమైంది. సిమెంటు నేలను మేస్త్రీలు నేటికీ ఐపీఎస్ అంటారు. ఇండియన్ పేటెంట్ స్టోన్ అన్న పాత వ్యాపార నామానికి అది సంక్షిప్త రూపం. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు చిన్న కంకర కలిపిన కాంక్రీటును అంగుళం నుంచి రెండంగుళాల మందంలో పరిచి, పైన చిక్కని సిమెంటు పాలు పోసి తాపీతో మెరుగు తీయడం దీని సారం. పెద్ద నేల ఎండేటప్పుడు ముడుచుకుని ఇష్టం వచ్చినట్లు పగలకుండా, గాజు పట్టీలతో గళ్లుగా విడదీసేవారు. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ పనికి రూపొందించిన ఐఎస్ 2571 అనే నియమావళి సవరించిన రూపాన్ని 1970లో ప్రచురించింది. ఇళ్లలో పై పొరకు ఇనుప ఆక్సైడు రంగు కలిపి ఎర్రగచ్చు వేస్తే, వర్క్‌షాపుల్లో సన్నని ఇనుప రజను కలిపి రాపిడికి తట్టుకునే నేల వేసేవారు. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగేవరకు బస్తా దొరకడమే గగనం కాబట్టి, ఈ ప్రాంతపు సామాన్య గృహాల్లో నాపబండ అంతకాలం నిలిచింది.

పరిశ్రమ రాకతో నేల మీద పడే ఒత్తిడి స్వభావమే మారిపోయింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 1960ల మధ్యలో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ నేలకు ఎదురైనవి బరువు, రాపిడి, నూనె. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పారిశ్రామికవాడలను అభివృద్ధి చేయడం, ఈ ప్రాంతం అప్పట్లో భాగంగా ఉండి, వెనుకబడిన జిల్లాగా గుర్తింపు పొందిన మెదక్‌కు కేంద్రం పెట్టుబడి రాయితీ ఇవ్వడం, రాజధానికి దగ్గరగా ఉండడం అన్నీ కలిసివచ్చి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వరసగా కర్మాగారాలతో నిండాయి. 1970నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చి మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప పదార్థానికి పేటెంటు లేకుండా చేయడం, 1961లో స్థాపితమైన ఐడీపీఎల్ బాలానగర్ కర్మాగారంలో తయారైన రసాయన శాస్త్రజ్ఞులు సొంతంగా సంస్థలు నెలకొల్పడం వల్ల ఈ ప్రాంతం మందుల ముడిపదార్థాలకు కేంద్రమైంది. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ఏర్పడింది. 1985లో ఏషియన్ పెయింట్స్ పటాన్‌చెరులో రంగుల ఉత్పత్తి మొదలుపెట్టింది.

ఆ కర్మాగారాల్లో నాపబండకూ సిమెంటుకూ ఎదురైన శత్రువు ఆమ్లం. నాపబండ ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. దాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క పడిన మరుక్షణం బుసబుసమని నురుగు లేస్తుంది, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోతుంది, తుడిచి చూస్తే నిగనిగలాడిన చోట పాలిపోయిన గరుకు మచ్చ మిగులుతుంది. అదే చోట రోజూ చిందితే మచ్చ గుంటవుతుంది, గుంటలో ద్రవం నిలిచి సందుల్లోకి దిగుతుంది. సిమెంటు క్షార స్వభావం గలది కాబట్టి దానికీ ఇదే గతి. గంధకామ్లం తగిలితే అందులోని సున్నం జిప్సంగా మారి, ఉబ్బి, పొరలు పొరలుగా ఊడిపోతుంది. దీనికి మొదట వాడిన విరుగుడు ఆమ్ల నిరోధక ఇటుక. ఎక్కువ వేడిలో కాల్చి రంధ్రాలు తగ్గించిన ఆ ఇటుకను మామూలు సిమెంటుతో కాక సిలికేటు, గంధకం లేదా రెసిన్ ఆధారిత గారతో అతికేవారు. ఈ మూడు రకాల గారలకు ఐఎస్ 4832 అనే ప్రమాణం 1969 నాటికే ఉంది. ఇటుక చెక్కుచెదరకపోయినా వందలాది సందుల్లో ఒక్కటి తెరుచుకున్నా చిందిన ద్రవం అడుగుకు చేరుతుందన్నది ఆ పద్ధతిలోని లోటు. పటాన్‌చెరు వాగులు, చెరువుల కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలు కావడం, 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలు కావడం వంటి పరిణామాల తరువాత, చిందినది మట్టిలోకి ఇంకకుండా కాలువలోకే పోవాలన్న అవసరం నేల నిర్మాణానికి కూడా వర్తించింది.

సందులు లేని నేలకు మార్గం చూపినది ఎపాక్సీ రెసిన్. ఇది రెండు భాగాలుగా వచ్చే పదార్థం; రెసిన్‌ను గట్టిపరచే ద్రవంతో కలిపినప్పుడు అణువులు ఒకదానికొకటి పెనవేసుకుని, మళ్లీ కరగని ఘనపదార్థంగా మారతాయి. స్విట్జర్లాండులో పియరీ కాస్తాన్ కృత్రిమ దంతాల కోసం 1930ల చివర జరిపిన పరిశోధన, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ పూతల కోసం 1940లలో జరిపిన పరిశోధన దీనికి పునాదులు. కాస్తాన్ పేటెంటును తీసుకున్న సీబా సంస్థ 1946లో అరాల్డైట్ పేరుతో జిగురును బయటపెట్టింది. నేలకు ఎపాక్సీ వాడకం భారతదేశంలో 1968 నాటికే ప్రమాణీకరణ దాకా వచ్చిందని ఐఎస్ 4631 తెలియజేస్తుంది. అయినా ధర కారణంగా చాలాకాలం అది కర్మాగారంలోని కొన్ని గదులకే పరిమితమైంది.

ఆ పరిమితిని చెరిపివేసినవి ఔషధ నియమాలు. 1978లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రూపొందించిన తయారీ నిబంధనలు సూక్ష్మజీవరహిత విభాగాల్లో నేల, గోడ, పైకప్పు నున్నగా, గట్టిగా, తేలికగా శుభ్రం చేయగలిగేలా ఉండాలన్నాయి. భారతదేశంలో ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ఎం 1988లో మంచి తయారీ పద్ధతులకు రూపమిచ్చి, 2001 డిసెంబరు సవరణతో మరింత కఠినమైంది. ఉత్పత్తి గదుల లోపలి తలాలు పగుళ్లు లేకుండా నున్నగా ఉండాలని అది కోరుతుంది. పాశమైలారం, బొల్లారంలలో తయారైన సరుకు అమెరికా, ఐరోపాలకు పోవాలంటే విదేశీ తనిఖీదారులు గదిలో అడుగు పెట్టి నేల మూలలు కూడా చూస్తారు. నేల, గోడ కలిసే చోట ధూళి చేరకుండా వంపుగా తీర్చే కోవింగ్, ద్రావకాలు వాడే గదుల్లో స్థిర విద్యుత్తును భూమిలోకి పంపేందుకు పూత అడుగున పరిచే రాగి పట్టీ వంటి పనులు ఈ విధంగా మేస్త్రీల పనిలో భాగమయ్యాయి.

ఈ పని క్రమం తెలిస్తే పూత మన్నికకు ఆధారమేమిటో అర్థమవుతుంది. కొత్త కాంక్రీటు కనీసం 28 రోజులు ఆరాక, వజ్రపు పళ్లున్న గ్రైండింగ్ యంత్రంతో పై తలాన్ని గీరుతారు. తాపీ పనిలో పైకి తేలిన సిమెంటు పాలు ఎండి ఏర్పడిన బలహీనమైన పొర దీనితో పోతుంది. దుమ్మును యంత్రంతో పీల్చి, పగుళ్లు పూడ్చి, కాంక్రీటు రంధ్రాల్లోకి ఇంకే పల్చని ప్రైమర్ పూస్తారు. తరువాత రెసిన్, గట్టిపరచే ద్రవం, సిలికా పొడి కలిపిన మిశ్రమాన్ని నేల మీద పోసి పళ్ల కర్రతో లాగితే, అది తనంతట తానే సమమై ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందంలో నిలుస్తుంది. అందులో చిక్కిన గాలిని తీయడానికి పనివాడు అడుగున మేకులు దిగ్గొట్టిన చెప్పులు తొడుక్కుని తడి పూత మీదే నడుస్తూ ముళ్ల రోలరు తిప్పుతాడు. మేకులు చేసిన సన్నని రంధ్రాలు అతను దాటిపోగానే పూడుకుంటాయి. కలిపిన మిశ్రమం అరగంట, ముప్పావుగంటలో పనికిరాకుండా పోతుంది; మే నెల ఎండల్లో అంత వ్యవధి కూడా దక్కదు, పోయకుండా ఆలస్యం చేస్తే బకెట్‌లోనే వేడెక్కి పొగలు చిమ్ముతూ గడ్డకడుతుంది.

పూత ఊడిపోయిన సందర్భాల్లో ప్రధాన కారణాలు పూతలో కంటే దాని అడుగున కనిపిస్తాయి. పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ పక్కపక్కనే ఉండడం శాస్త్రజ్ఞులకు అనుకూలించిన విషయం. ఇల్లు కట్టేవారికి మాత్రం అదే చిక్కు. నల్లరేగడిలోని బంకమన్ను వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. దాన్ని తగినంత లోతు తవ్వి మొరంతో నింపకుండా వేసిన కాంక్రీటు పగులుతుంది, పగులు పూతలోంచి గీతలా పైకి వస్తుంది. రెండవ కారణం చెమ్మ. కాంక్రీటు కింద కనీసం 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరచకపోతే మట్టిలోని తేమ ఆవిరై పైకి ఎగబాకుతుంది. పూత దాన్ని బయటకు పోనివ్వదు కాబట్టి బుడగలు లేచి పెచ్చులూడతాయి. మూడడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రాత్రంతా ఉంచి, మరునాడు అడుగున నీటి బిందువులు ఉన్నాయేమో చూడడం ఖర్చులేని పరీక్ష. మూడవది, గ్రైండింగ్ మానేసి నేరుగా పూయడం. అప్పుడు పూత కాంక్రీటును కాక, సిమెంటు పాల పొరను పట్టుకుని, ఆ పొరతోనే లేచిపోతుంది.

కార్ఖానా నేల ఇంటికి చేరిన క్రమం గత రెండు మూడు దశాబ్దాలది. అమీన్‌పూర్, బీరంగూడ, ముత్తంగి, కంది పరిసరాలు కాలనీలుగా మారడం, వెలుపలి వలయ రహదారి రావడం, 2012లో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 168గా వెలువడిన భవన నియమాలు వాహనాలు నిలిపే జాగాను తప్పనిసరి చేయడం వల్ల పోర్టికో, స్తంభాల మీద నిలిపిన స్టిల్ట్, సెల్లార్ ఇంటి నమూనాలో స్థిరపడ్డాయి. వాటిలో చాలావరకు నాపబండ, గళ్ల పార్కింగ్ టైల్స్, గరుకు గ్రానైటు వేస్తుండగా, కర్మాగారాల్లో మెరిసే నేలను చూసినవారు దాన్నే ఇంటికి కోరడం మొదలుపెట్టారు. పూత పని చేసే కాంట్రాక్టర్లు కూడా చిన్న పనులకు రాసాగారు.

అయితే ఔషధ గది నేలకూ ఇంటి గ్యారేజీ నేలకూ ఎదురయ్యే పరీక్షలు వేరు. ఔషధ గదిలో ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది, ఎండ పడదు, వాహనం రాదు. పోర్టికోలో మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది. మామూలు ఎపాక్సీ అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి, మెరుపు పోయి, పొడి రాలుతుంది. మామూలు వాతావరణంలో గట్టిపడిన ఎపాక్సీ సుమారు 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. వేసవిలో రహదారి మీద వేడెక్కిన టైరు అదే చోట నిలిచి చల్లబడుతూ ముడుచుకునేటప్పుడు పూతను పట్టి లాగుతుంది, బలహీనంగా అతికిన పూత టైరు ఆకారంలోనే ఊడివస్తుంది. ద్విచక్రవాహనపు స్టాండు పల్చని పూతను చీలుస్తుంది. బ్యాటరీ నుంచి కారే గంధకామ్లాన్ని, ఇంజను నూనెను ఎపాక్సీ బాగానే తట్టుకుంటుంది కానీ రంగు తీయడానికి వాడే కొన్ని ద్రావకాలు దాన్ని కూడా మెత్తబరుస్తాయి. కారు కడిగిన నీళ్లు నిలిస్తే నున్నని పూత జారుతుంది.

ఈ పరిమితులకు పరిశ్రమ వెతికిన పరిష్కారాలే ఇంటికి కూడా ఎంపికలు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనుగొన్న పాలీయురెథేన్ కుటుంబంలో ఎండకు పసుపెక్కని రకాన్ని ఎపాక్సీ మీద పై పూతగా వేస్తారు. ఎపాక్సీ పట్టును, మందాన్ని ఇస్తే ఇది ఎండను, రాపిడిని కాస్తుంది. తడి పూత మీద స్ఫటిక ఇసుక చల్లి, ఆరాక మిగులు ఊడ్చి, మళ్లీ ఒక పూత వేస్తే కాలు జారదు. పూత అక్కర్లేని మార్గం కూడా ఉంది. ట్రిమిక్స్ అనే వ్యాపార నామంతో మేస్త్రీలకు తెలిసిన పద్ధతిలో, తాజా కాంక్రీటు మీద జల్లెడ చాప పరిచి పంపుతో అదనపు నీటిని పీల్చివేసి, తిరుగుడు యంత్రాలతో మెరుగు తీస్తారు. నీరు తగ్గినకొద్దీ కాంక్రీటు బిగువు పెరుగుతుంది కాబట్టి గోదాములు, పెట్రోలు బంకుల్లో ఇది విరివిగా కనిపిస్తుంది. చదరపు అడుగు లెక్కన చూస్తే పల్చని రోలరు పూత చవక. కానీ 100–200 మైక్రాన్ల ఆ పూతకూ, రెండు మిల్లీమీటర్ల పూతకూ మందంలో కనీసం పది రెట్ల తేడా ఉంది. పని చేసేటప్పుడు గట్టిపరచే ద్రవంలోని అమైన్లు చర్మానికి తగిలి దద్దుర్లు తెస్తాయి కాబట్టి చేతితొడుగులు, గాలి వచ్చే ఏర్పాటు ఇంట్లో కూడా తప్పనిసరి.

ఈ చరిత్ర మొత్తం మీద తేలేదేమంటే, గ్యారేజీ నేలకు పూత ఎంపిక నిర్ణయాల వరసలో చివరిది కావాలి. మొదట నేల ఎర్రదా, రేగడిదా అన్నది చూసి మొరం పరుపు లోతును, తరువాత చెమ్మను ఆపే షీటును, దాదాపు నాలుగంగుళాల కాంక్రీటును, వందకు ఒకటి వంతున వాలును తేల్చాలి. ఆ తరువాతే ఎండ పడుతుందా, ఏమి చిందుతుంది, ఏ వాహనం నిలుస్తుంది అన్న ప్రశ్నలు రావాలి. అడుగున షీటు లేని పాత ఇంట్లో, చెమ్మ పరీక్షలో నీరు కనిపించిన చోట, ఏ ఖరీదైన పూతకంటేనైనా తడిని పైకి వదిలే తాండూరు బండే ఎక్కువ కాలం మన్నుతుంది. పొడిగా ఉండి నీడ గల సెల్లార్‌లో మందపాటి ఎపాక్సీ ఒక్కటే చాలు. ఎండ పడే పోర్టికోకు పాలీయురెథేన్ పై పూత లేని ఎపాక్సీ వృథా ఖర్చు. అంత పెట్టలేనివారికి సరిగా నీళ్లు కట్టి ఆరబెట్టిన ట్రిమిక్స్ లేదా ఐపీఎస్ నేలే మేలు.